గుండ్రటి బల్లకూ కులం ఉంది: వైద్య విద్యలో పీబీఎల్ మోజు గురించి

వైద్య కళాశాలల స్టాఫ్ రూముల్లో కొన్నేళ్లుగా ఒక మాట నినాదంలా తిరుగుతోంది. లెక్చర్ కాలం చెల్లిపోయింది, ఇక పిల్లలే నేర్చుకుంటారు, మనం పక్కన కూర్చుని దారి చూపిస్తే చాలు అని. దీని పేరు ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్, పొట్టిగా పీబీఎల్. ఎనిమిది పది మంది విద్యార్థులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్ల చేతికి ఒక రోగి కథ ఇస్తారు. జబ్బేమిటో, శరీరంలో ఏం జరుగుతోందో, తమకు తెలియనిదేమిటో వాళ్లే చర్చించి, వాళ్లే చదువుకొచ్చి, మళ్లీ కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు. వినడానికి ఎంత బాగుందో! దీన్ని వ్యతిరేకించేవాడు పాత చింతకాయ పచ్చడి, సమర్థించేవాడు ప్రగతిశీలి. చర్చ మొత్తం ఈ రెండు పెట్టెల్లో సర్దేశారు. నేను ఏ పెట్టెలోనూ పట్టను కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ చెబుతాను. పదో తరగతి దాకా సాంఘిక సంక్షేమ హాస్టల్లో, తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ఈ మధ్య మా కరికులం కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ట్యుటోరియల్‌లో పాల్గొన్న తీరుకు ఇంటర్నల్ మార్కుల్లో ఐదో వంతు కేటాయించాలట. ఎవరు చొరవగా మాట్లాడారు, ఎవరికి నాయకత్వ లక్షణాలున్నాయి, ఎవరు ధీమాగా వాదించారు అనే అంశాలకు ట్యూటర్ అక్కడికక్కడే అంకెలు వేస్తారు. ఇంటర్నల్స్‌లో 50 శాతం రాకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరన్నది ఇప్పటికే ఉన్న నిబంధన. ఈ రెండూ కలిపి చదవండి. ఒక అమ్మాయి బల్ల దగ్గర ఎంత గట్టిగా మాట్లాడిందన్నది, ఆమె ఆ ఏడాది పరీక్ష రాస్తుందా లేదా అన్నదాన్ని తేల్చబోతోంది.

పీబీఎల్ ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. 1969లో కెనడాలోని హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ కొత్త మెడికల్ స్కూల్ తెరిచింది. డీన్ జాన్ ఎవాన్స్. మొదటి బ్యాచ్‌లో 20 మంది. విడివిడి సబ్జెక్టులుగా లెక్చర్లు చెప్పే పద్ధతిని పక్కనబెట్టి, మొదటి రోజు నుంచే రోగి సమస్యతో చదువు మొదలుపెట్టారు. దీన్ని సిద్ధాంతంగా మలిచినవారిలో ముఖ్యుడు న్యూరాలజిస్టు హోవర్డ్ బారోస్. 1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్, 1978లో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్, 1985లో హార్వర్డ్ ఇదే దారి పట్టాయి. మన దగ్గర 2019 ఆగస్టులో చేరిన బ్యాచ్ నుంచి కాంపిటెన్సీ బేస్డ్ కరికులం వచ్చింది. అదీ పీబీఎల్ ఒకటి కాదు. కానీ చిన్న గ్రూపులు, స్వయం అధ్యయనం, మొదటి ఏడాదిలోనే రోగుల దగ్గరికి వెళ్లడం వంటివి తప్పనిసరి చేసి పీబీఎల్‌కు తలుపు తీసింది అదే.

ఈ పద్ధతి మీద నాకు పగ లేదు. ఇంకా చెప్పాలంటే ఇది మనకు దూరపు చుట్టం కూడా. ఆలోచన అనేది ఇబ్బందితో, చిక్కుముడితో మొదలవుతుందని 1910లోనే రాసినవాడు జాన్ డ్యూయీ. 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో ఉన్న బాబాసాహెబ్‌కు ఆయన గురువు. ప్రజాస్వామ్యమంటే ఓట్లు మాత్రమే కాదు, కలిసి బతకడమనే అవగాహనను బాబాసాహెబ్ ఆయన దగ్గర తీసుకుని, దానికి ఈ దేశంలో కులం అడ్డమని చూపించారు. సోషల్ ఎండోస్మోసిస్ అన్న మాట అంబేడ్కరైట్లకు కొత్త కాదు. మా ఫిజియాలజీ వాళ్లు మొదటి నెలలోనే ఆస్మోసిస్ చెబుతారు. పొర అటూ ఇటూ రాకపోకలకు వీలిచ్చేదైతేనే ద్రవం కదులుతుంది, లేకపోతే ఎంతసేపు ఉంచినా ఎక్కడిదక్కడే. గుండ్రటి బల్ల వేయగానే పొర పల్చబడిపోతుందని పీబీఎల్ ప్రచారకులు అనుకుంటున్నారు. నా అభ్యంతరం అక్కడే.

లెక్చర్ గురించి కూడా నాకు గతమెంతో ఘనకీర్తి అనే భ్రమలు లేవు. మా రోజుల్లో ఆ గ్యాలరీలో జరిగింది బోధన కాదు, పురాణ కాలక్షేపం. ఒకాయన ముప్పై ఏళ్ల నాటి పసుపుపచ్చ కాగితాలు చదివేవాడు, 150 మందిమి రాసుకునేవాళ్లం. ప్రశ్న అడిగితే అవమానం. గురువు చెప్పేవాడు, శిష్యుడు వల్లించేవాడు, ఏకలవ్యుడు గోడ అవతల. బ్రాహ్మణీయ విద్యా సంప్రదాయం తెల్లకోటు వేసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది. దాన్ని నిలబెట్టమని అడగడం లేదు.

అయితే ఆ గ్యాలరీకి ఒక గుణం ఉండేది, గుడ్డిలో మెల్ల లాంటిది. చెప్పినదేదో అందరికీ ఒకేసారి, ఒకే మాటల్లో చెప్పేవాళ్లు. ఏది పరీక్షకు వస్తుందో, ఏది రాదో, ఎంత చదవాలో అందరికీ ఒకేలా తెలిసేది. ఇంట్లో డాక్టర్ లేని నాలాంటివాడికి ఆ నోట్సే ఆస్తి. ఒక సీనియర్ రాసిన ఫార్మకాలజీ నోట్సు జిరాక్సు మా హాస్టల్లో నాలుగు బ్యాచ్‌ల చేతులు మారింది. అంచులు నలిగి, అక్షరాలు చెరిగితే మళ్లీ పెన్నుతో దిద్దుకునేవాళ్లం. రాత్రి భోజనాలయ్యాక ఆరుగురం మంచాల మీద కూర్చుని, ఒకడు పాఠం తెలుగులో చెబితే మిగతావాళ్లం ప్రశ్నలతో చీల్చి చెండాడేవాళ్లం. ఆ గదిలో ఎవరికీ సిగ్గు లేదు, ఎవరి ర్యాంకూ ఎవరూ అడగలేదు. పీబీఎల్ గురించి నేను మొదటిసారి వర్క్‌షాప్‌లో విన్నప్పుడు నాకు ఆ గదే గుర్తొచ్చింది. సమస్యతో, తోటివాళ్లతో, సొంత భాషలో నేర్చుకోవడం హామిల్టన్‌లోనే పుట్టిందని నాకెవరైనా చెబితే నవ్వొస్తుంది. కాకపోతే ఆ గదిలో మార్కులు వేసేవాడు లేడు.

కాలేజీ ట్యుటోరియల్ గదిలో ఉన్నాడు. అక్కడేం జరుగుతుందో చెబుతాను. మాస్ట్రిక్ట్ వాళ్లు ఏడు మెట్ల పద్ధతి ఒకటి పెట్టారు, మనవాళ్లూ అదే వాడతారు. తెలియని మాటలు విడమర్చడం, సమస్యను నిర్వచించడం, తోచినవి చెప్పడం, వాటిని ఒక వరసలో పెట్టడం, నేర్చుకోవాల్సినవి రాసుకోవడం, విడిగా చదవడం, తిరిగొచ్చి చెప్పడం. గ్రూపులో ఒకరు అధ్యక్షత వహించాలి, ఒకరు బోర్డు మీద రాయాలి. నేను వరసగా మూడు బ్యాచ్‌లు గమనించాను. అధ్యక్షత ఎవరికి పోతుంది? కార్పొరేట్ స్కూల్ ఇంగ్లిష్, ఇంట్లో నర్సింగ్ హోమ్ ఉన్న పిల్లలకి. బోర్డు దగ్గర చాక్‌పీస్ పట్టుకుని నిలబడేది ఎవరు? మన పిల్లలు. ఒకరు చెబుతుంటే ఒకరు రాస్తారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఎవరూ కులం పేరెత్తలేదు. అంతా స్నేహపూర్వకంగానే జరిగింది. గంట అయ్యాక స్కోరు షీటులో ఒకరికి 9, ఒకరికి 4.

కులం పేరు ఎత్తనక్కర్లేదు కూడా. కాలేజీలో మొదటి వారం అడిగే ప్రశ్న నీ నీట్ ర్యాంకెంత అనేదే. ఆ ప్రశ్న అడిగేది ర్యాంకు కోసం కాదని అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. ఒకసారి ఆ అంకె బయటపడ్డాక ఆ విద్యార్థి నోరు తెరిచి తప్పు చెబితే అది తప్పు కాదు, రుజువు. పక్కవాడు తప్పు చెబితే అది ధైర్యం. తోచింది చెప్పడం అన్న మూడో మెట్టు మొత్తం ధైర్యంగా తప్పు చెప్పడం మీద ఆధారపడి ఉంది. తప్పు చెప్పే హక్కు ఈ దేశంలో ఎవరికి ఉంది, ఎవరికి లేదు? మన పిల్లలు మూగవాళ్లు కాదు. లెక్క తెలిసినవాళ్లు.

ఇది మనకే పరిమితమైన అనుభవం కూడా కాదు. 1988లో అమెరికాలో లీసా డెల్పిట్ అనే నల్లజాతి విద్యావేత్త ఒక వ్యాసం రాసింది. ఉదారవాద తెల్ల టీచర్లు పిల్లలే కనుక్కుంటారులే అని నియమాలు చెప్పకుండా వదిలేస్తే, ఇంటి దగ్గరే ఆ నియమాలు నేర్చుకొచ్చిన తెల్ల పిల్లలు బాగుపడతారు, నల్ల పిల్లలు నష్టపోతారు అన్నది ఆమె వాదన. ఇంగ్లండ్‌లో బేసిల్ బెర్న్‌స్టైన్ అంతకు ముందే, 1970లలో, కంటికి కనిపించని బోధన మధ్యతరగతి ఇళ్ల పిల్లలకు అనుకూలంగా పనిచేస్తుందని చూపించాడు. టీచర్ నోరు విప్పి చెప్పని చోట ఇల్లు చెబుతుంది. మరి ఇల్లు చెప్పలేని వాళ్ల సంగతి? వ్యవసాయ కూలీ ఇంట్లో డిఫరెన్షియల్ డయాగ్నసిస్ గురించి రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకోరు.

పీబీఎల్ పనిచేస్తుందని పరిశోధనలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, చదివాను. 1993లో ఒకే ఏడాది రెండు పెద్ద సమీక్షలు వచ్చాయి, ఆల్బనీజ్–మిషెల్‌లది ఒకటి, వెర్నన్–బ్లేక్‌లది ఒకటి. పీబీఎల్ విద్యార్థులు ఈ చదువును ఎక్కువ ఇష్టపడ్డారు, క్లినికల్ పనిలో సమానంగానో కాస్త మెరుగ్గానో ఉన్నారు, బేసిక్ సైన్స్ పరీక్షల్లో కొంత వెనకబడ్డారు. 2008లో సింగపూర్ పరిశోధకులు 13 అధ్యయనాలు కలిపి చూసి, డాక్టర్లయ్యాక మనుషులతో మెలిగే నైపుణ్యాల్లో పీబీఎల్ వాళ్లు మెరుగని తేల్చారు. నేను కాదనను. కానీ ఇవన్నీ సగటు విద్యార్థి గురించిన లెక్కలు. సగటు విద్యార్థికి కులం ఉండదు. బల్లకు ఈ చివరన ఎవరికి లాభించింది, ఆ చివరన ఎవరికి నష్టం జరిగింది అన్నది సగటులో కలిసిపోతుంది. ఊరి సగటు భూమి రెండెకరాలు అంటే వాడకు భూమి ఉన్నట్టా?

ఇక మన దగ్గర మూల్యాంకనం సంగతి. 2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్ష ఆరోపణల మీద సుఖ్‌దేవ్ థోరాట్ అధ్యక్షతన కమిటీ వేశారు, 2007లో నివేదిక వచ్చింది. హాస్టల్ గదుల నుంచి వైవా దాకా ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఏం ఎదుర్కొంటున్నారో అందులో ఉంది. రాత పరీక్ష కంటే ముఖాముఖి పరీక్షల్లో, ప్రాక్టికల్స్‌లో, ఇంటర్నల్స్‌లో అన్యాయం జరుగుతోందని వాళ్లు చెప్పుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత, 2022లో, పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ సంక్షేమ కమిటీ అదే ఎయిమ్స్ గురించి మళ్లీ నివేదిక ఇస్తూ, విద్యార్థి పేరు తెలియకుండా కోడ్ నంబర్లతో పరీక్షలు పెట్టాలని సిఫారసు చేసింది. అంటే ఈ దేశపు పార్లమెంటు కమిటీయే పేరు కనపడితే న్యాయం జరగదు, పేరు దాచండి అంది. మా కమిటీ అందుకు సరిగ్గా ఎదురు దిక్కులో నడుస్తోంది. ట్యుటోరియల్‌కు కోడ్ నంబర్ ఎలా వేస్తారు? అక్కడ జవాబు పత్రం విద్యార్థి ముఖమే. ఇంటి పేరు, రంగు, యాస, వేసుకున్న చెప్పులు, ఫోన్ మోడల్ అన్నీ ఆ పత్రంలోనే ఉంటాయి.

2019 మే 22న ముంబైలో పాయల్ తడ్వి చనిపోయింది. గైనకాలజీ పీజీ చదువుతున్న ఆదివాసీ డాక్టర్. కుల వేధింపుల కేసులో ఆమె సీనియర్లు ముగ్గురు నిందితులు. పీజీ చదువంతా సమస్యల మీద, చిన్న గ్రూపులో, సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవడమే కదా. లెక్చర్లు అసలే ఉండవు. అతి ఉత్తమ పీబీఎల్ అని వీళ్లు చెప్పేది ఏదైతే ఉందో అదే ఆపరేషన్ థియేటర్. ఆ చిన్న గుంపులో ఎవరి చేతికి కత్తి ఇస్తారు, ఎవర్ని బయట నిలబెడతారు అన్నది పద్ధతి నిర్ణయించదు.

ఇక్కడ రెండో గుంపు వాళ్లు సంబరపడకండి. ఏళ్ల తరబడి స్టాఫ్ రూములో వాళ్లు అనేది వేరే: రిజర్వేషన్ పిల్లలకు స్వయం అధ్యయనం చేతకాదు, వాళ్లకు నోట్సు డిక్టేట్ చేస్తేనే పాసవుతారు, అందుకే పాత పద్ధతే మేలు. ఇదీ మన పట్ల జాలే అన్నట్టు చెబుతారు. జాలి కాదు, కంచం దూరంగా పెట్టడం. కూలీ రేట్లు, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కాగితాలు, ఎంఆర్వో ఆఫీసు అన్నీ పన్నెండేళ్ల వయసు నుంచి ఒంటరిగా పరిష్కరించుకుంటూ వచ్చిన పిల్లలకు సమస్యా పరిష్కారం చేతకాదా? స్వయం అధ్యయనం చేతకాకపోతే కోచింగ్ లేకుండా ఇక్కడి దాకా ఎలా వచ్చారు? నిజానికి లెక్చర్ మీద వీళ్ల ప్రేమ పిల్లల కోసం కాదు. లెక్చర్‌లో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు, అంతే.

సంస్కరణ పేరు చెప్పగానే మనం అటువైపు దూకకూడదని నాకు నేర్పింది అమెరికా వైద్య చరిత్ర. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చింది. వల్లె వేయించే లెక్చర్లు ఆపండి, ల్యాబులో, వార్డులో చేసి నేర్చుకోవాలి అన్నది దాని సారం. ప్రపంచమంతా ఆయన్ను ఆధునిక వైద్య విద్యా పితామహుడని కొలిచింది. అప్పటికి నల్లజాతి వైద్య కళాశాలలు ఏడు. హోవర్డ్, మెహారీ రెండు చాలని ఆయన రాశాడు. మిగతా ఐదూ మూతబడ్డాయి. తరాల తరబడి ఎందరు నల్ల డాక్టర్లు పుట్టకుండా పోయారో! 2020లో అమెరికా వైద్య కళాశాలల సంఘం తన అవార్డు నుంచి ఆయన పేరు తీసేసింది, 110 ఏళ్ల తర్వాత. ఆయన చెప్పిన బోధనా పద్ధతి సరైనదే. ప్రమాణాల పేరుతో తలుపు మూసిందీ ఆయనే. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, సమస్య అనే దాని గురించి. పీబీఎల్‌లో గుండెకాయ ఆ కాగితం మీది కథ. దాన్ని ఎవరు రాస్తారు? ఒక వర్క్‌షాప్‌లో మాకు ఇచ్చిన కేసు ఇది. 32 ఏళ్ల పురుషుడు ఇరుకు ప్రదేశంలో పనిచేస్తూ స్పృహ తప్పాడు, రక్షించబోయిన ఇద్దరూ పడిపోయారు, ముగ్గురినీ క్యాజువాలిటీకి తెచ్చారు. విద్యార్థులు దీని నుంచి తేల్చాల్సింది హైడ్రోజన్ సల్ఫైడ్. అది కణాల్లోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను పట్టేసి ఊపిరి ఉన్నా ఆక్సిజన్ వాడుకోనివ్వదు. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, గాఢత పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు, అందుకే ప్రమాదం పోయిందనుకుని మనిషి ఇంకా లోపలికి దిగుతాడు. ఆక్సిజన్ ఇవ్వాలి, నైట్రైట్ గురించి ఆలోచించాలి. చక్కటి పాఠం. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫోరెన్సిక్ మూడూ ఒక్క కథలో.

కానీ ఆ ఇరుకు ప్రదేశం ఏమిటి? సెప్టిక్ ట్యాంకు. అందులోకి దిగినవాడి కులమేమిటో ఆ గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు, కాగితానికి తప్ప. మనుషుల్ని మలంలోకి దింపడం నేరమని 2013లో చట్టం వచ్చింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగు కాల్వల్లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ డబ్బు రావాలంటే మనిషి ఎక్కడ, ఏ పనిలో, ఏ వాయువు వల్ల చనిపోయాడో కాగితం మీద ఉండాలి. ఆ కాగితం రాసేది రేపు ఈ బల్ల చుట్టూ కూర్చున్న పిల్లలే. మెడికో లీగల్ రిజిస్టరులో ప్రమాదవశాత్తూ పడిపోయాడు, ఊపిరాడలేదు అని రెండు ముక్కలు రాసి చేతులు కడుక్కుంటే, ఆ భార్య ఎన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి? ఇది జనరల్ నాలెడ్జ్ కాదు. ఇది డాక్టరు చేయాల్సిన పని. కాంపిటెన్సీ అంటే ఇదే.

పోస్టుమార్టం గది దాకా వెళ్లండి. చాలా ఆసుపత్రుల్లో శవాన్ని కోసేది ఎవరు, పక్కన నిలబడి చెబుతూ రాయించేది ఎవరు? 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవపరిచ్ఛేదం చేశాడని మెడికల్ కాలేజీల్లో పండగలా చెప్పుకుంటాం. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాల్లో కత్తి మళ్లీ ఎవరి చేతుల్లోకి వెళ్లిందో ఎవరూ చెప్పరు. శ్రామికులనే మెట్ల మీద నిలబెట్టారని కుల నిర్మూలనలో బాబాసాహెబ్ చెప్పింది, మా మార్చురీలో రోజూ ఉదయం పదకొండింటికి చూడొచ్చు. దాని మీద ఒక పీబీఎల్ కేసు రాయమనండి, చూద్దాం.

2018లో వచ్చిన ఏట్‌కామ్ మాడ్యూళ్లు 27. వైఖరి, నైతికత, సంభాషణ నేర్పడానికి పెట్టినవి. రోగి అంటే ఏమిటి, డాక్టర్ అంటే ఏమిటి, శవమే తొలి గురువు వగైరా. 27 శీర్షికల్లో కులం అన్న మాట ఒక్కదానిలోనూ లేదు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక, ఈ దేశంలో దళిత స్త్రీ సగటున అగ్రకుల స్త్రీ కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతోందని చెప్పింది. పద్నాలుగున్నర ఏళ్లు! ఏ జబ్బు, ఏ అలవాటు అంత తేడా తెస్తుంది? సిగరెట్ గురించి మాకు రెండు క్లాసులున్నాయి.

నేను ఆ సెప్టిక్ ట్యాంకు కేసును తిరగరాసి నా గ్రూపుకు ఇచ్చాను. ట్యాంకు ఎవరిది, కాంట్రాక్టరు ఎవరు, దిగినవాళ్లకు ఏమిచ్చారు, ఎవరు దిగమన్నారు అన్నీ చేర్చాను. విద్యార్థులు బయోకెమిస్ట్రీ ఏమీ తక్కువ నేర్చుకోలేదు. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అలాగే వచ్చింది. దాంతోపాటు 2013 చట్టం వచ్చింది, మరణ ధ్రువీకరణ పత్రం ఎలా నింపాలో వచ్చింది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఇలాంటి కేసు ఇవ్వగానే గదిలో తలలన్నీ ఒక విద్యార్థి వైపు తిరుగుతాయి, నీకు తెలుసుగా చెప్పు అన్నట్టు. అది మరో రకం హింస. మన పిల్లలు తమ గాయాన్ని విప్పి చూపించి అగ్రకుల పిల్లలకు సానుభూతి పాఠం చెప్పడానికి రాలేదు. సీటు తెచ్చుకుని డాక్టరు కావడానికి వచ్చారు. అందుకే సమాచారం మొత్తం కాగితంలోనే ఉండాలి, ట్యూటర్ నోటి నుంచే రావాలి. కులం గురించి మాట్లాడే భారం బల్లకు ఆ చివర కూర్చున్నవాడి మీదా పడాలి: మీ అపార్ట్‌మెంట్ ట్యాంకు ఎవరు శుభ్రం చేస్తారు?

భాష సంగతి కూడా చెప్పాలి. ట్యుటోరియల్ గదిలో నోరు పెగలని అమ్మాయిని వార్డుకు తీసుకెళ్లి చూశాను. ముసలామె ‘ఎగపోస్తాంది బిడ్డా’ అంటే ఆమెకు వెంటనే అర్థమైంది, గ్రూపు నాయకుడికి కాలేదు. రాత్రి పడుకుంటే ఎక్కువా, కూర్చుంటే తగ్గుతుందా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటావు, దిండ్లు లేకపోతే గోడకు ఆనుకుంటావా అని వరసగా అడిగి పది నిమిషాల్లో గుండె వైఫల్యం కథంతా రాబట్టింది. దిండ్లు లేకపోతే అన్న ఆ ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? అదే కథ మర్నాడు ఇంగ్లిష్‌లో కాగితం మీద ఇస్తే ఆమె మళ్లీ మౌనం. మార్కు వేసేది కాగితం దగ్గర, వార్డు దగ్గర కాదు. చర్చ తెలుగులో జరిగితే ఏ ఆకాశం విరిగిపడుతుంది? పదాలు ఇంగ్లిష్‌వే ఉండనీయండి, మయోకార్డియం మయోకార్డియమే. ఆలోచన తెలుగులో సాగనీయండి. 2022లో మధ్యప్రదేశ్‌లో హిందీ ఎంబీబీఎస్ పుస్తకాలంటూ చేసిన హడావుడి లాంటిది కాదు నేనడిగేది. పరీక్ష, పుస్తకం ఇంగ్లిష్‌లోనే ఉండాలి, లేకపోతే మన పిల్లలకే రేపు పీజీ తలుపులు మూస్తారు. బల్ల దగ్గర మాట్లాడే భాష సంగతి అడుగుతున్నాను.

లెక్కల విషయం ఒక్క మాటలో. 150 మందిని పదేసి మందిగా చేస్తే 15 గ్రూపులు, ఒకే సమయంలో 15 మంది ట్యూటర్లు. జిల్లాకో మెడికల్ కాలేజీ అని తెలంగాణలో 2022 నవంబరు 15న ఒకే రోజు 8 ప్రారంభించారు, 2023 సెప్టెంబరు 15న ఇంకో 9. అదే రోజు ఆంధ్రలో 5. కాలేజీలు రావడం మంచిదే, మన పిల్లలకు సీట్లు పెరిగాయి. కానీ ఏ విభాగంలో 15 మంది అధ్యాపకులున్నారో చూపించండి. ఉన్న ముగ్గురూ ఒక్కొక్కరు 50 మందిని కూర్చోబెట్టి దాన్ని చిన్న గ్రూపు అని రిజిస్టరులో రాస్తున్నారు. మెక్‌మాస్టర్‌లో మొత్తం బ్యాచే 20. ఇక రిజర్వుడ్ అధ్యాపక పోస్టులు అర్హులు దొరకలేదన్న ముద్రతో ఖాళీగా పెట్టుకుని, మన పిల్లలు ఎందుకు మాట్లాడరని ఆశ్చర్యపోవడం ఏమిటి? మూడు బ్యాచ్‌ల్లో తమలాంటి ట్యూటరు ఒక్కరూ ఎదురుపడని పిల్లలున్నారు.

కమిటీకి నేను ఇచ్చిన నోట్ రెండు పేజీలది. పాల్గొన్న తీరుకు మార్కులు వద్దు, హాజరు చాలు. మార్కు ఇవ్వాల్సింది ట్యుటోరియల్ తర్వాత ప్రతి విద్యార్థీ విడిగా రాసే ఒక పేజీకి, అదీ రోల్ నంబరు లేకుండా, కోడ్‌తో, వేరే గ్రూపు ట్యూటర్ దిద్దాలి. అధ్యక్షత, బోర్డు పని వంతులవారీగా, అక్షర క్రమంలో. కేసు ఇచ్చే ముందే, దాని నుంచి ఏం నేర్చుకోవాలో ట్యూటర్ చేతిలో ఉండే జాబితా కేసు ముగిసిన రోజున అందరికీ ఇవ్వాలి. దాన్ని దాచుకోవడం బోధన కాదు, పెత్తనం. ప్రతి బ్లాకులో ఒక్క కేసైనా కులం పేరు కాగితం మీద ఉన్నది ఉండాలి. ట్యుటోరియల్‌కు ముందు ఆ విషయం మీద ఒక మంచి లెక్చర్, సూటిగా, నోట్సుతో సహా. లెక్చరా పీబీఎల్లా అని కొట్టుకునేవాళ్లు కొట్టుకోనీ, మా పిల్లలకు రెండూ కావాలి.

కమిటీలో ఒక సీనియర్ నోట్ చదివి, ప్రతిదానిలోనూ మీరు కులమే చూస్తారేమిటండీ అన్నారు. మరొకరు కోడ్ నంబర్ల వల్ల ట్యూటర్‌కూ విద్యార్థికీ మధ్య ఆత్మీయ బంధం దెబ్బతింటుందని దిగులుపడ్డారు. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. నా నోట్‌ను ఎజెండాలో చిట్టచివర, ఇతరములు అన్న శీర్షిక కింద పెట్టారు.

ఈలోగా ఇది చదివే వైద్య, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులకు ఒక పని. 2011లో సుప్రీంకోర్టు, విద్యార్థి తన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకోవచ్చని తీర్పిచ్చింది. ట్యుటోరియల్ స్కోరు షీటు కూడా మీ జవాబు పత్రమే అని దరఖాస్తులో రాయండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు. మీ గ్రూపు షీట్లు వచ్చాక, పేర్లు కొట్టేసి, ఎవరికెంత వేశారో, కింద ట్యూటర్ రాసిన కారణం ఏమిటో ఒకచోట చేర్చండి. మా కాలేజీవి నేను ఇప్పటికే అడిగాను.